దిక్కులేని మిషన్‌కు చుట్టరికం

"ఈ ముసలిదానికి నా అనేవాళ్లు లేరు బాబాయ్. సాయంత్రం తీసేద్దాం," అంది కొత్త ఇంజనీరమ్మ, సర్వర్ గది మూలనున్న పాత మిషన్‌ను చూపిస్తూ.

ఏ మిషన్ ఆగితే ఏది ఆగుతుందో కంప్యూటర్‌లో చుట్టరికాలు కలుపుతోంది ఆవిడ. చుట్టాలు లేనివన్నీ పాతసామానుకే. ఈ ముసలిది పోతే, దాని కాపలాదారునైన నేను ఏసీ వదిలి ఎండలో గేటు దగ్గర నిలబడాలి.

"అంత మాటనకండి మేడమ్! మెయిల్ సర్వర్‌కి ఇది కన్నతల్లి. ఇది ఆగిందా, ఆఫీసులో ఒక్క మెయిల్ కదలదు."

"కోతలు కొయ్యకండి బాబాయ్. ఇప్పుడే తేలుస్తా."

ఆవిడ ప్లగ్గుల వరస దగ్గర వంగి, తీగ మీది లేబుల్ చదివి, ప్లగ్గు పీకేసింది.

నిమిషం తిరక్కుండా పై అంతస్తులో గగ్గోలు. మెయిల్ పోయింది! ఇంజనీరమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. గబగబా ప్లగ్గు పెట్టి, ఆ చుట్టరికాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి, పక్కన 'ముట్టుకోరాదు' అని ఎర్రగా రాసింది.

"మీరు లేకపోతే నా కొంప మునిగేది బాబాయ్!"

వినయంగా తలూపాను. ఆవిడ గడప దాటగానే, పొద్దున నేను తారుమారు చేసిన ముసలిదాని లేబుల్‌నూ, మెయిల్ సర్వర్ లేబుల్‌నూ ఊడదీసి, దేని తీగకు దానిది అతికించాను.