అన్‌ఫిట్ మెడ

మెడికల్ బోర్డు గది ముందు బెంచీ మీద రాయమల్లు మెడ పట్టుకుని మూలుగుతున్నాడు. ఆ మూలుగు సరిపోలేదని పక్కనున్న భార్య దుర్గవ్వ మోచేత్తో పొడిచింది.

“జర గట్టిగ మూలుగు. లోపలికి ఇనవడాలె.”

రాయమల్లు మెడకు ఏ రోగమూ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మెడ అది. కానీ డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తేనే ఆయన నౌకరి కొడుకు సంపత్‌కు వస్తుంది. గోదావరిఖనిలో ఆరోగ్యంగా ఉండటమంత దండగమారి పని ఇంకోటి లేదు మరి!

ఇంట్లో పడుకున్న సంపత్‌కు ఇరవై ఆరేళ్లు. మహారాజు! గ్యాస్ బండ ఎత్తమంటే చేతులు తిమ్మిర్లంటాడు. దగ్గితే తల పగిలిపోతోందంటాడు.

“ఫోన్ గీకి గీకి గట్లయింది. బాయిల వడితే అన్నీ పోతయ్,” అని దుర్గవ్వ ఎప్పుడో మందు కూడా చెప్పేసింది.

బోర్డు అడిగిన స్కానింగ్ కోసం తండ్రీకొడుకులు మొన్న కరీంనగర్ పోయి వచ్చారు. అందులో ఏ రోగమూ కనబడదేమోనని దుర్గవ్వకు ఒకటే రంది. ఎందుకైనా మంచిదని ఎల్లమ్మకు కోడిని మొక్కింది.

పిలుపొచ్చింది. పెద్ద డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి ఒకసారి, కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చూశాడు.

“మెడలో మొదటి ఎముక పుర్రెకు అతుక్కుపోయి ఉంది. రెండో ఎముక మొన పైకి పొడుచుకొచ్చింది. చిన్నమెదడు కిందికి జారి ఇరుక్కుంది. కియారీ అంటారు దీన్ని. ఎముకలు పుట్టుకతోనే ఇట్ల ఉన్నయి. ఇన్నేండ్లు బాయిల ఎట్ల పనిచేసినవయ్యా? ఒక్క కుదుపుకు కాళ్లు చేతులు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అన్‌ఫిట్!”

దుర్గవ్వ చేతులెత్తి మొక్కింది. ఎల్లమ్మ తల్లి ఎంత సత్యమున్నది! ఒక్క కోడికే లేని రోగాన్ని పుట్టించింది.

మొగుణ్ని చూసి ఇంకా మురిసిపోయింది. ఏం నటన! ముఖం నిండా చెమటలు. బయటికొచ్చినా ఆపలేదు. మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

“ఇగ చాలు తియ్యి, సంతకాలైనయ్. పోరనికి నౌకరొచ్చింది. మిఠాయి కొనుక్కపోదాం పా.”

రాయమల్లు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“గా గొట్టం మిషన్ల దూరాల్నంటే భయమై, నా పేరు చెప్పి మన సంపత్‌ను పండవెట్టిన్నే దుర్గా!”