తేరుకోని నీళ్లు

"ఇదో, ఈ వారమూ అంతే. పాలమాదిరి ఉండాయి."

లూదియమ్మ సీసాను బల్లమీద ఠక్కున పెట్టింది. నంద్యాలలో మొయినుద్దీన్ నడిపే చేపల తొట్ల అంగడి అది. గప్పీ చేపలు బేరమాడుతున్న ఇద్దరు మనుషులు వెనక్కి తిరిగి చూశారు. అంగట్లో పనిచేసే ఫెబా బల్ల వెనక తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. సోమవారం వచ్చిందంటే చాలు, ఆళ్లగడ్డ బస్సు దిగి ఈమె తయారవుతుంది. సంచిలో సీసా, నోట్లో తిట్లు.

"ఆంటీ, కొత్త ఉప్పునీళ్ల తొట్టి మొదట్లో అట్లనే ఉంటాదని చెప్పినా కదా," ఫెబా మెల్లగా అంది. "కంటికి కనపడని బాక్టీరియా పుట్టి నీళ్లు తెల్లబడతాయి. అది కుదురుకున్నాకనే చేపలు వెయ్యాల. పాలు తోడేసి ఊరికే కదిలిస్తే తోడుకుంటాయా?"

"తొలివారమూ ఇదే చెప్తివి. మావాడు హైదరాబాదు నుంచి తొట్టి తెచ్చింది నీళ్లు చూసేదానికా, చేపలు చూసేదానికా?"

"ఇసుక బాగా కడిగినారా?"

"కడగక? మాకు ఆమాత్రం తెలీదా?"

"మోటరు ఆపకుండా నడుస్తాందా?"

"నడుస్తాంది, నడుస్తాంది. నీకు తెలీకుంటే తెలీదని చెప్పు. ఫోన్లో చూసి నేర్చుకున్న చదువంట!" లూదియమ్మ గప్పీల వాళ్లవైపు తిరిగింది. "ఈ పిల్ల మాట నమ్మి ఏమీ కొనొద్దండప్పా."

వాళ్లు ఖాళీ చేతులతోనే వెళ్లిపోయారు.

ఫెబా తల వంచుకుని, సీసాలోని నీళ్లు కొంచెం చిన్న గాజుగొట్టంలో పోసి పరీక్ష చుక్కలు వేసింది. కొత్త తొట్టి నీళ్లయితే ఆకుపచ్చకు తిరగాలి. ఇవి తిరగలేదు. పోయిన వారమూ ఇంతే. తను ఎక్కడ పొరబడుతోందో అంతు చిక్కడం లేదు.

"ఏందమ్మా, నేను ఇన్ని మాటలంటాంటే గమ్మునుండావు?"

"తప్పు నాదేనేమో ఆంటీ."

లూదియమ్మ నిట్టూర్చింది. తర్వాత ఎప్పటిలాగే స్టూలు లాక్కుని కూర్చుని ఆరాలు మొదలుపెట్టింది. మీరు ఏ చర్చికి పోతారు? పాటలు పాడతావా? సొంతూరు ఉయ్యాలవాడనా? మీ అమ్మ ఏం చేస్తాది? అంతగా తిట్టిన మనిషికి ఈ ముచ్చట్లెందుకో ఫెబాకు అర్థం కాదు. అద్దాలు తుడుస్తూ అన్నిటికీ జవాబు చెప్పింది.

"ఒకసారి నేనే వచ్చి తొట్టి చూస్తా ఆంటీ."

"ఇప్పుడొద్దులే. ఇంటికి సున్నం కొట్టిస్తాండాం."

పోయిన వారం చుట్టాలొచ్చారని చెప్పింది.

ఆమె వెళ్లాక మొయినుద్దీన్ లోపలి నుంచి వచ్చాడు. మంచివాడే, కానీ మొహం ముడుచుకునుంది.

"ఫెబా, నీ మాట విని ఉప్పునీళ్ల గది పెట్టినా. ఈ యమ్మ ఆళ్లగడ్డంతా చాటితే మనకాడ కొనేదెవరు? వచ్చే సోమవారమూ ఆ సీసా ఇట్లనే వచ్చిందనుకో, గది ఎత్తేస్తా. ఉత్త గప్పీలు అమ్మేదానికి నేనొక్కణ్ని చాలు. ఏమనుకోవద్దు తల్లీ."

ఆ వారమంతా ఫెబా కాలు ఒకచోట నిలవలేదు. అంగట్లోని ఉప్పునీళ్ల తొట్ల ముందు మాటిమాటికీ వెళ్లి నిలబడేది. అవన్నీ నిర్మలంగా ఉన్నాయి. అదే ఉప్పు, అదే ఇసుక, లూదియమ్మకు తన చేత్తోనే తూచి ఇచ్చింది. మరి అక్కడ మాత్రం ఎందుకు తేరుకోవడం లేదు? ఇంకెవరినో అడిగేకంటే కళ్లతో చూస్తేనే నయమనిపించింది.

ఆదివారం ఆరాధన ముగియగానే, పరీక్ష చుక్కల పెట్టె సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. రుద్రవరం పోయే పెద్దావిడ ఎవరో పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉంది. ఫెబా ఊఁ కొట్టిందే గాని ఒక్క మాటా చెవినపడలేదు. దిగాక, లూదియమ్మ కొడుకు, బడిపంతులు ఎడ్విన్ సారోళ్ల ఇల్లు ఎక్కడని అడిగితే టీ అంగడి అతను చూపించాడు.

తలుపు తెరిచే ఉంది. గోడల మీద పాత సున్నమే పెచ్చులూడుతోంది. ముందుగదిలో మంచం, కుట్టుమిషను, బైబిలు వాక్యమున్న క్యాలెండరు. తొట్టి కనబడలేదు. లోపలి గదిలోనూ లేదు. పెరట్లో నీళ్ల చప్పుడు వినిపించి అటు నడిచింది.

లూదియమ్మ పీట మీద కూర్చుని బియ్యం కడుగుతోంది. కడిగిన తెల్లటి నీళ్లు సీసాలోకి వంచింది. డబ్బాలోంచి ఉప్పు తీసి వేసింది. మూత బిగించి గిలక్కొట్టింది.

"ఆంటీ!"

సీసా చేతిలోంచి జారింది.

"ఏందిది? తొట్టి యాడ?"

లూదియమ్మ కళ్లు దించుకుంది. "తొట్టి లేదు తల్లీ."

ఫెబా సంచి కింద పడేసింది. ఇన్నాళ్లూ గొంతులో ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి.

"లేదా? లేని తొట్టికి నన్ను అందరి ముందర తిడితిరా? నా పని పోతాంది, తెలుసునా మీకు? కూడు తినబుద్ధి కాక, నిద్ర పట్టక నేను చస్తాంటే మీకిది ఆటనా? పెద్దమనిషని ఊరుకుంటే ఇంత పని చేస్తారా? లేయండి! నంద్యాలకు రాండి. మొయినుద్దీనన్న ముందర నిలబడి జరిగిందంతా చెప్పండి. మీరు చెప్పేదాకా నేను ఈడనుంచి కదిలేదే లేదు!"

పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. ఫెబా వాళ్లవైపు కూడా కన్నెర్రజేసింది.

లూదియమ్మ మొహం మెల్లగా విప్పారింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"వస్తా, చెప్తా. నీకు నోరుందో లేదో చూద్దామనే ఇన్ని వారాలు ఈ సీసా తెస్తి. మా ఎడ్విన్ నోరున్న పిల్లనే చేసుకుంటాడంటమ్మా."