చక్రాల కింద నిమ్మకాయలు

ఇంద్రాణి కొత్త కారుకు హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అయిదో తరం చిన్న కారు అది, స్టీరింగే లేదు. “అడ్డం ఉంది” అంటూ కదలనంది.

ఎనిమిదింటికి అత్తగారు అనసూయమ్మకు డయాలసిస్. ఏడున్నర దాటింది. ఆవిడకు అప్పటికే ఆయాసం మొదలైంది.

“కాయలు తీసేస్తానత్తయ్యా!”

“తీస్తే నేనెక్కను. మొదటి తరం కారు నుంచీ తొక్కిస్తూనే ఉన్నాం.”

“అది మామయ్య నడిపిన కారు. ఇది మన మాట వినదు.”

“అదీ వినేది కాదే. రోజూ పొద్దున్నే తోసింది నేనే.”

ఇంద్రాణి చప్పున కారు స్విచ్ ఆపేసి, బ్రేకు వదిలేసి, కొంగు బిగించి, వెనకనుంచి బలమంతా పెట్టి తోసింది. నాలుగు కాయలూ చితికాయి. అత్తగారిని ఎక్కించి మళ్లీ స్టార్ట్ చేసింది.

“వెనక ఎవరో గుద్దారు. పోలీసులను పిలవనా?” అంది కారు.

“మా కోడలేలే, పద!” అంది అనసూయమ్మ రొప్పుతూ.