తలకిందుల పూలు

“కళ్లు మూసుకుని కుట్టావా అక్కా? ఈ ముక్కలో పూలు తలకిందులుగా ఉన్నాయి,” అంది చిన్నకోడలు, తన బిడ్డ కోసం పెద్దకోడలు తెచ్చిన బొంతను మంచం మీద పడేస్తూ.

పెద్దకోడలు టైలరు. కొట్లో మిగిలిన పూలగుడ్డ ముక్కలన్నీ ఏరి, నెల్లాళ్లు కూర్చుని కుట్టిన బొంత అది.

“నీ కొట్లో చెత్తంతా నా బిడ్డకేనా? ముందు ఈ ముక్క ఊడదీస్తాను,” అని చిన్నకోడలు బ్లేడు అందుకుంది.

“ఊడదీయి. అది నేను కుట్టలేదు. అత్తయ్య కుట్టింది.”

“మేం వేరుపడ్డాక వీధిలో ఎదురుపడినా నేనెవరో ఎరగనట్టు పోయే మనిషా?”

“నువ్వని తెలిస్తేగా. ఆవిడకు చూపు పోయి ఆర్నెల్లయింది. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది. సూదిలో దారం నేనెక్కించి ఇస్తే, తడుముకుంటూ కుట్టింది. పువ్వు ఎటు తిరిగుందో వేళ్లకేం తెలుస్తుంది?”

బ్లేడు కుట్టు మీదే ఆగిపోయింది. ఎదురైన ప్రతిసారీ ముసలావిడ ఒక్క క్షణం ఆగి, చెవి ఒగ్గి, మళ్లీ కదిలేది. అది పొగరనుకుంది తను.

“ఆవిడకు కళ్లు లేవు సరే. నీకు నోరుంది కదే, ఒక్కసారైనా పలకరించావా?” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు బ్లేడును మళ్లీ కాగితంలో చుట్టేసింది.