అప్పన్న మేస్టారి శనివారాలు

గెడ్డ పొంగి పాడేరు సంతపాకలు కొట్టుకుపోయిన ఏడాది అది. స్వరాజ్యం వచ్చి నాలుగేళ్ళు. ఆ శనివారం పొద్దున్న కూడా బ్యాండు మేస్టారు అప్పన్న కుంటుకుంటూ కొండదారి పట్టాడు. చంకలో మేళాన్ని నడిపించే కర్ర, భుజాన ఉప్పూ ఎండుచేపల మూట.

"సూశావా? సంత మర్నాడు తప్పడు," అన్నాడు తాతారావు గుమ్మంలోంచి.

"సూత్తానే ఉన్నాను మావా. ఆ మూట ఎవలికి?" అంది పెళ్ళాం రత్నాలు.

"భీముడికి. కొండమీద థింసా ఆటకి తుడుం డప్పు కొట్టీవోడు."

తాతారావు ఆ మేళంలో పదకొండేళ్ళుగా క్లారినెట్ ఊదుతున్నాడు. మేస్టారుకి మోకాళ్ళు పట్టేశాయి. షావుకారు జగన్నాథరావు కూతురి పెళ్ళికి ముందే కర్ర మరొకరికి ఇచ్చేస్తానని చెప్పాడు. ఎవరికన్నది మాత్రం నోరు విప్పలేదు. ఆ కర్ర మీదే తాతారావు ప్రాణమంతా ఉంది.

"మోకాళ్ళ నొప్పులోడు కొండెందుకెక్కుతాడు? కర్ర ఆ భీముడి సేతికెళ్తే, ఆడు ముందర నడుత్తుంటే నువ్వు ఎనకాల ఊదుకుంటూ పోతావా? ఎళ్ళి సూసి రా," అంది రత్నాలు.

మరుసటి శనివారం తాతారావు మేస్టారి వెనకాలే వెళ్ళి పనసచెట్టు చాటున నిలబడ్డాడు.

గుడిసె ముందు మంచం మీద అప్పన్న. కింద మట్టిలో గొంతుక్కూర్చుని భీముడు. కర్ర భీముడి చేతిలోనే ఉంది! పదిహేనుమంది ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఏటవాలులో ఆడుతున్నారు. భీముడు కర్ర ఎత్తితే వరస పాములా మలుపు తిరిగింది. దించితే ఆగింది. అప్పన్న కర్ర తీసుకుని తనూ ఆడించాడు. వరస చెదిరిపోయింది. భీముడు పళ్ళికిలించి తల అడ్డంగా ఊపి, కర్ర మళ్ళీ లాక్కున్నాడు.

'మేస్టారు సూపిస్తంటే ఆటలాడతన్నాడు ఎదవ!' అనుకున్నాడు తాతారావు. పళ్ళు నూరుకుంటూ కొండ దిగాడు.

"మంచం మీదెవలు?" అంది రత్నాలు.

"మేస్టారు. ఆడు నేలమీద."

"గురువు పైన, శిష్యుడు కింద. ఇంకేటి అనుమానం? అయిపోయింది నీ పని."

వారమంతా తాతారావుకి అన్నం సయించలేదు. శుక్రవారం సంత చెదరగానే మేస్టారి ఇంటికెళ్ళి నిలదీశాడు.

"కర్ర భీముడికిత్తన్నారా మేస్టారూ?"

అప్పన్న ఉలిక్కిపడ్డాడు. "ఎవడ్రా సెప్పాడు?"

"నా కళ్ళతో నేనే సూశాను. ఎన్నాళ్ళ బట్టి ఈ పాఠాలు?"

"మెల్లగా మాట్లాడు. పదేళ్ళ బట్టి. కొండోడితో పాఠాలని షావుకార్లకి తెలిసిందంటే ఒక్క పెళ్ళికీ పిలవరు మనల్ని."

"పదేళ్ళు! ఇంకా రాలేదా?"

అప్పన్న తల దించుకున్నాడు. "సగం వొచ్చింది."

"సగం వొచ్చినోడికా కర్ర? పదకొండేళ్ళు ఊదినోడు కనబడలేదా మీకు?"

"ఆడికి కర్రెందుకురా ఎర్రోడా? ఇత్తానన్నా పుచ్చుకోడు." అప్పన్న లేచి, మూలనున్న కర్ర తెచ్చి తాతారావు చేతిలో పెట్టాడు. "ఇది నీది. పెళ్ళిలో నువ్వే నడిపించు. కానొకటి. నా కాళ్ళింక కొండెక్కవు. రేప్పొద్దున నువ్వెళ్ళాలి ఆడి దగ్గరకి."

తాతారావు ముఖం వెలిగి, అంతలోనే ముడుచుకుంది. "నేనా? ఎల్లి ఏటి సెయ్యాలి?"

అప్పన్న వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, ఏం చెయ్యాలో చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే తాతారావు కొండెక్కి, మేస్టారుకి పాఠం చెప్పిన భీముడికి సాష్టాంగపడ్డాడు.