జిన్నింగు షెడ్డు గుమ్మం

నిజం చెబితే గెంటించి, అబద్ధం చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టిన దేవుడి లెక్కేమిటో రెబ్కాకి ఏళ్ల తరబడి అంతుపట్టలేదు.

ప్రతి ఆదివారం చర్చిలో ఆమె మోకరిస్తే, ఆ సందేహమూ పక్కనే మోకరించేది.

టీబీ తగ్గిన కొత్తలో, గుంటూరు అవతల ఒక పత్తి మిల్లుకి ఉద్యోగం అడగడానికి వెళ్లింది. మేనేజరు బుల్లయ్య సర్టిఫికెట్లు తిరగేశాడు.

"డిగ్రీ అయి రెండేళ్లు దాటిందే. మధ్యలో ఏం చేశావు?"

"టీబీ వచ్చిందండీ. మందులు పూర్తిగా వాడాను, తగ్గిపోయింది. డాక్టరుగారు రాసిచ్చిన చీటీ కూడా తెచ్చాను."

ఫోను మోగితే ఆయన లేచి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే, పని ఎలా ఉంటుందో చూద్దామని రెబ్కా పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు షెడ్డు గుమ్మంలోకి వెళ్లింది. లోపల దూది పొగమంచులా లేస్తోంది.

"ఏయ్ అమ్మాయ్! ఎవరు పొమ్మన్నారు నిన్నక్కడికి? ముందు బయటికి నడువు! మళ్లీ ఈ గేటు తొక్కావంటే ఊరుకోను!" వెనకనుంచి బుల్లయ్య అరిచాడు.

కూలీలంతా పని ఆపి చూశారు. ఒకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆ కొంగుని రెబ్కా ఈనాటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాత ఎక్కడెక్కడో దరఖాస్తులు పెట్టింది. చివరికి మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు నుంచి పిలుపొచ్చింది. యజమానురాలు వెంకటేశ్వరమ్మదీ అదే ప్రశ్న.

ఈసారి రెబ్కా తెలివి తెచ్చుకుంది.

"మా అమ్మకి జబ్బు చేస్తే ఇంట్లో ఉండిపోయానండీ."

"అయ్యో పాపం. రేపట్నుంచి వచ్చెయ్."

ఇప్పుడా కొట్టుకి రెబ్కాయే మేనేజరు. స్టాకు చూసే గుమాస్తా కావాలని పేపర్లో వేయించింది. వచ్చినవాళ్లలో ఆఖరి మనిషి తలుపు పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

జుట్టు నెరిసింది. భుజాలు ఒంగాయి. అయినా పోల్చుకుంది.

బుల్లయ్య!

ఆయనా గుర్తుపట్టాడు. మొహం విప్పారింది.

"నువ్వా అమ్మా! దగ్గు మళ్లీ రాలేదు కదా?"

కొట్టు నిండా మనుషులు. రెబ్కా ఒళ్లు భగ్గుమంది.

"కూర్చోమని నేనింకా అనలేదండీ."

కుర్చీలోకి ఒంగినవాడల్లా మళ్లీ నిలబడ్డాడు.

"మిల్లు మానేసి రెండేళ్లు దాటిందే. మధ్యలో ఏం చేశారు?" ఆయన దరఖాస్తు తిరగేసి, ప్రతి మాటా రుచి చూస్తూ అడిగింది.

"ఊపిరందక మంచం పట్టానమ్మా. ఇప్పుడు నయమే. కూర్చుని చేసే పనైతే చేయగలను. మా ఇంటిది మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లి నన్ను సాకుతోంది."

"అంటుకునే జబ్బేమో! మాది నలుగురూ కట్టుకునే బట్టల వ్యాపారం."

"అంటేది కాదమ్మా. డాక్టరుగారు కూడా..."

"డాక్టరు చీటీ నేనూ తెచ్చానండీ, అప్పట్లో."

చీరలు మడతపెడుతున్న జోసఫ్ తల దించుకున్నాడు.

బుల్లయ్య ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"వెంకటేశ్వరమ్మగారు లేరా?"

"లేరు. ఉన్నా చెప్పేది నేనే. ముందు బయటికి నడవండి. మళ్లీ ఈ మెట్లెక్కొద్దు."

"మంచిదమ్మా. ఒంట్లో బాగున్నావు, అంతే చాలు."

ఆ మాట కూడా ఆమెకి ఎత్తిపొడుపులాగే వినిపించింది. గోడ పట్టుకుని ఆయన ఒక్కో మెట్టూ దిగుతుంటే పైనుంచి కళ్లారా చూసింది. ఇన్నాళ్ల బాకీ తీరింది.

"ప్రభువా, ఇది తప్పా?" అని మనసులో అడిగింది గానీ, జవాబు కోసం ఆగలేదు.

కాసేపటికి వెంకటేశ్వరమ్మ కొండ మీద స్వామికి పానకం పోయించి వచ్చింది.

"ఎవరే ఆ పెద్దాయన, రొప్పుకుంటూ కనిగిరి బస్సెక్కాడు? నేను ఆటో దిగేలోపే వెళ్లిపోయింది."

"బుల్లయ్య అని, ఒకప్పుడు పత్తి మిల్లు మేనేజరండీ. నన్ను నలుగురిలో గెంటాడు. ఇవాళ నేనూ గెంటాను."

వెంకటేశ్వరమ్మ చేతిలో ప్రసాదం బల్ల మీద పెట్టి, అక్కడే కూలబడింది.

"ఎంత పని చేశావే! మీ అమ్మకి జబ్బన్నావు గానీ, జబ్బు చేసింది నీకేనని నాకప్పుడే తెలుసు."

రెబ్కా మొహంలో రంగు పోయింది. "ఎవరు చెప్పారండీ?"

"'టీబీ తగ్గిన పిల్లమ్మా, మా మిల్లు దూది పీలిస్తే బతకదు, మీ కొట్లో పెట్టుకోండి' అని నీ అడ్రసు చేత్తో పట్టుకుని, ఎర్రటి ఎండలో వచ్చి నన్ను బతిమాలిన ఆ బుల్లయ్యేనే!"