వెల్డా నడుంనొప్పి

"ఇది చూడవే, అరచేతిలో ఇమిడిపోతోంది," అంటూ తుపాకుల కొట్లో డెల్మర్ ఐదో పిస్తోలు భార్య ముందు పెట్టాడు. "జేబులో ఉన్నా పక్కవాడికి తెలీదు."

"నాకెందుకయ్యా ఇవన్నీ?" అంది వెల్డా ఆవలిస్తూ.

"టెక్సస్ మొత్తం వెతికినా నీలాంటి అమాయకురాలు దొరకదు. హోయ్ట్, దీనికి మొన గుల్లగా ఉండే తూటాలియ్యి."

"అవొద్దు. ఇంత చిన్నదాంట్లో ఒక్కోసారి ఇరుక్కుంటాయి. గుండ్రటి మొనవే నయం," అంది వెల్డా.

డెల్మర్ నోరు తెరిచాడు. కొట్టు యజమాని హోయ్ట్ మాత్రం అలవాటుగా అరలోంచి ఒక పెట్టె తీశాడు.

"ఎప్పుడూ తీసుకెళ్ళేవేగా, అమ్మా?"

డెల్మర్ చూపు మెల్లగా భార్య గౌను కుడి జేబు మీదికి జారింది. ఆదివారం చర్చిలో ఎవరు కావలించుకోబోయినా, "అటు వద్దమ్మా, నడుంనొప్పి" అంటూ ఆమె ఎడమపక్కే ఇస్తుంది.

"అయితే నీకు నడుంనొప్పి..."

"ఎప్పుడూ లేదు."

"మరి ఇన్నేళ్ళూ రోజూ నాచేత మందు రాయించుకున్నావేమే!"

"నొప్పి లేదంటే రాసేవాడివా?" అంది వెల్డా, తూటాల పెట్టె సంచీలో వేసుకుంటూ.